పట్టుదారం చుట్టిన రైఫిల్

"కంది ఎండిందా?"

ఇయర్‌పీస్‌లో చీఫ్ అమరేందర్ గొంతు. తూటాల డబ్బాలు సర్దుతున్నట్టు తలవంచి, ఏజెంట్ స్వర్ణలత పెదవులు కదిలీ కదలకుండా జవాబిచ్చింది.

"ఇంకా పచ్చిగనే ఉంది సార్."

హంతకుడు ఇంకా దొరకలేదని దాని అర్థం.

షాద్‌నగర్ బయట, గుట్టల నడుమ ఉన్న ప్రైవేట్ షూటింగ్ రేంజ్ అది. స్వర్ణలతది స్టోర్ అసిస్టెంట్ వేషం. కాపాడవలసిన మనిషి రాడార్ సైంటిస్ట్ దయాకర్. ఈరోజు ఒక విదేశీ ముఠా ఆయన ప్రాణం తీయబోతోందని కబురు తెచ్చింది రేంజ్ కోచ్ దీప్తి. ముఠాలో తిరుగుతూ డిపార్ట్‌మెంట్‌కు సమాచారమిచ్చే డబుల్ ఏజెంట్. నల్లకళ్లద్దాలు తీసి నవ్విందంటే ఎంతటివాడైనా అడిగిన ప్రశ్న మరిచిపోవాల్సిందే.

"స్నైపర్ ఎదురుగుట్ట మీద ఉంటాడు," అంది దీప్తి.

కమాండోలంతా గుట్టెక్కారు. మేకలు తప్ప ఏమీ కనబడలేదు.

దయాకర్‌కు సంగతి తెలుసు. అయినా బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ తొడుక్కొని ఎరగా నిలబడటానికి ఒప్పుకున్నాడు. నిన్న ట్రిగర్ సరిచూడమని దీప్తికిచ్చిన పాయింట్ టూ టూ రైఫిల్ ఇప్పుడు ఆయన చేతిలో ఉంది.

"జూడు బిడ్డ, లైసెన్స్ వచ్చినకాడికెల్లి నా ఐతారాలన్నీ దీనికే. కట్టె పిడి తీసి అల్యూమినియంది ఎక్కించిన. ట్రిగరైతే ఈక తాకినా పడ్తది."

"ఈ దారం?"

"మా భువనగిరి మగ్గాల పట్టు. నేనే చుట్టిన. మీది గూడ నేతిల్లే గద?"

"అవును సార్."

ఆయన చెవులకు మఫ్స్ పెట్టుకొని రైఫిల్ భుజానికెత్తాడు. స్వర్ణలత చూపు పిడి మీద పడింది. ఎరుపు, నలుపు పట్టు. చుట్టు పొందికగానే ఉంది. కానీ కొసన చిన్న ముడి.

నేతింటి చెయ్యి ముడి వేయదు. ముడి మగ్గంలో తట్టుకుంటే పోగు తెగుతుంది. అందుకే కొసలు రెండూ కలిపి వేళ్లతో పురితిప్పి అతుకుతారు. చిన్ననాటి నుంచి అబ్బిన ఆ అలవాటు, తుపాకి పట్టినా పోదు.

ఆ పిడిని ఎవరో విప్పి, మళ్లీ చుట్టారు.

ఆమె తల తిప్పింది. దీప్తి అప్పుడే కాంక్రీట్ స్తంభం వెనక్కి జరుగుతోంది.

అరిస్తే దయాకర్‌కు వినబడదు. గుంజితే ట్రిగర్ పడుతుంది. పొరపడితే వేషం బయటపడి ఇన్నాళ్ల వల తెగిపోతుంది. ఆయన వేలు బిగుసుకుంటోంది.

బోల్ట్ పిడి లేచి ఉంటే తూటా పేలదు. స్వర్ణలత ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి దాన్ని పైకి లేపింది. అదే క్షణంలో వేలు ట్రిగర్ నొక్కింది.

ఏమీ పేలలేదు.

దయాకర్ మఫ్స్ లాగేశాడు. "ఏందిది బిడ్డ, తలకాయ తిరిగిందా?"

"రైఫిల్ కింద పెట్టున్రి సార్. జర మెల్లగ."

దీప్తి గేటు వైపు పరుగు తీసింది. నాలుగడుగుల్లో స్వర్ణలత పిస్తోలు ఆమె దారికి అడ్డొచ్చింది.

"ఉర్కకు అక్కా. కాలు బెణుకుతది."

దీప్తి చేతులెత్తింది. ఈసారి నవ్వలేదు.

బాంబ్ స్క్వాడ్ పట్టుదారం విప్పింది. పిడి లోపల మైనపుముద్దలాంటి పేలుడు పదార్థం, దానికి గుచ్చిన చిన్న డిటోనేటర్. తూటా పేలిన కుదుపుకు అదీ పేలేది. ఎదురుగుట్ట మీది స్నైపర్, అందరి చూపూ అటు తిప్పడానికి దీప్తి అల్లిన ఉత్త కట్టుకథ.

దయాకర్ బెంచీ మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. ఆ ముద్దను చాలాసేపు చూశాడు.

"గందుకేనా పొద్దుగాల్నించి రైఫిల్ బరువనిపిస్తాంది," అన్నాడు. "నేనే ముసలోన్నైతున్ననేమో అని ఒకటే ఫికరు."