కళ్ళు తెరిపించిన ఫోటో

పూండి డ్యాము కట్ట దిగి ఎడమకు తిరిగితే ఒక సందు వస్తుంది. ఆ సందులో చివరి ఇంటి ముందు చీకటి పడ్డాక ఎవరూ హారన్ కొట్టరు. పాలవాడు ప్యాకెట్టు సందు మొదట్లో కరెంటు స్తంభం దగ్గరే పెట్టేసి పోతాడు. తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి అరుగు మీద నిలబడి నవ్విందనీ, ఆమె కళ్ళలో నల్లగుడ్లు లేవనీ చెబుతారు. విన్నవాళ్ళు కాదు, చూసినవాళ్ళే చెబుతారు.

అబద్ధం కాదు. నిజంగానే నిలబడింది. నవ్వింది కూడా.

ఎందుకంటే ఆ ఇంట్లో ఉండేది కోకిల. అరవ సినిమాల్లో దెయ్యం వేషమంటే ఒకప్పుడు ఆమెదే. తెలుగులోకి మార్చినప్పుడు మాటలు వేరేవాళ్ళు చెప్పేవారు గానీ, నవ్వు మాత్రం ఆమెదే ఉంచేసేవారు. ఆ నవ్వు ఇంకో గొంతులో పలికేది కాదు. వేషాలు తగ్గాక పూండిలో ఇల్లు కొనుక్కుని కూతురితో ఉండిపోయింది. వేషాలు తగ్గాయి గానీ అభిమానులు తగ్గలేదు. కార్లేసుకుని వచ్చి, "ఒక్కసారి నవ్వక్కా" అని బతిమాలేవారు. పాపం ఆమె తలుపు తీయకుండా లోపలే మొహానికి తెల్లరంగు పూసుకుని, కళ్ళకు తెల్ల లెన్సులు పెట్టుకుని, అరుగు మీదికి వచ్చి నవ్వేది. వాళ్ళు సంబరంగా వెళ్ళిపోయేవారు. సందులోవాళ్ళు తలుపులు వేసుకునేవారు. బతికున్న మనిషి ఇంటికి దెయ్యాల కొంప అని పేరు పెట్టిన ఘనత మావాళ్ళదే.

దేవరాజులు మా మేనమామ. తిరువళ్ళూరు బస్టాండు వెనక ఆయనకు ఫ్లెక్సు షాపు ఉంది. పెళ్ళికైనా, చెవులు కుట్టించడానికైనా, చావుకైనా ఫ్లెక్సు ఆయన దగ్గరే. చిన్నప్పుడు తిరుత్తణిలో కోకిల సినిమా చూసి జ్వరం తెచ్చుకున్నాడు. జ్వరం దిగింది గానీ కోకిల దిగలేదు. షాపులో మురుగన్ పటం పక్కనే ఆమె తెల్లకళ్ళ పటం పెట్టి, రెండింటికీ కలిపే ఊదుబత్తి వెలిగిస్తాడు. ఆమె అభిమానులకు వాట్సాప్ గ్రూపు పెట్టిందీ ఆయనే. ఒకసారి పూండి పోయి ఆ నవ్వు రికార్డు చేసుకొచ్చి, ఫోనుకు రింగుటోనుగా పెట్టుకున్నాడు. అది మోగినప్పుడల్లా మా అత్త చేతిలోది ఏదో ఒకటి కింద పడేది.

ఇక్కడి నుంచి మామ చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

పోయిన ఆడి మాసంలో, ఆషాఢం రోజుల్లో, ఒక సాయంత్రం ఆ ఫోను నవ్వింది. ఎత్తితే కోకిల కూతురు ధరణి.

"అన్నా... అమ్మ పోయింది."

ఏడుపు లేదు. కరెంటు పోయింది అన్నట్టు చెప్పింది. మామకూ ఏడుపు రాలేదు.

"రేపు పొద్దున్నే ఎత్తేది. ఫ్లెక్సు నువ్వే ఏయాల."

"నేనుండాను గదమ్మా. మంచి ఫోటో ఉండాది నా కాడ."

"తెల్లకండ్లదా?"

"అవును."



"అది వద్దన్నా. ఆ మొగం పెడితే ఈ సందులో ఒగురూ మా గడప దాటరు. సచ్చిపోయినాక కూడా మా అమ్మ దెయ్యమేనా? ఒట్టి మొగం పెట్టు. మనిషి మొగం."

"సెరిమ్మా. ఆ ఫోటో పంపించు."

"లేదన్నా."

నిజంగానే లేదు. రంగు లేకుండా ఫోటో తీస్తానంటే, నా ఒట్టి మొగం ఎవురికి కావాల అని కోకిల చెయ్యి అడ్డం పెట్టేదట. ధరణి చివరికి ఆధార్ కార్డు పంపింది. ఆధార్ ఫోటోలో మనమందరం దెయ్యాలమే. మామ దాన్ని పెద్దది చేసి చూస్తే బూడిదరంగు మరక తప్ప ఏమీ మిగల్లేదు.

ఇలాంటప్పుడు మా వైపు ఫోటోలవాళ్ళు ఒక పని చేస్తారు. పోయిన మనిషికే ఫోటో తీసి, కంప్యూటర్లో కళ్ళు తెరిపిస్తారు. ఆ కళ్ళు తమ్ముడివో, కూతురివో అయి ఉంటాయి. మామ అలా చాలామందికి తెరిపించాడు. ఇంట్లోవాళ్ళు కూడా కనిపెట్టలేదు.

"వస్తుండా తల్లీ," అని చెప్పి, గ్రూపులో సంగతంతా రాసి, షాపు కెమెరా తీసుకుని బండెక్కాడు.

చేరేసరికి బాగా చీకటి పడింది. సందులో అన్ని తలుపులూ వేసి ఉన్నాయి. ఎదురింటి అలిమేలమ్మ తలుపు సందులోంచి లైటు కనిపించింది... మామ బండి ఆపగానే అదీ ఆరిపోయింది.

చావు ఇంటి వాకిట్లో ఒక్క జత చెప్పులు లేవు.

లోపల, శవాన్ని చల్లగా ఉంచే గాజు పెట్టెలో కోకిల. పెట్టె తెచ్చినవాళ్ళు వైరు తగిలించి వెళ్ళిపోయారట. ధరణి ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మామ దగ్గరికి పోయి చూశాడు. చిన్న మొహం. చామనఛాయ. గడ్డం మీద పుట్టుమచ్చ. ఇన్నేళ్ళు ఊదుబత్తి వెలిగించిన మనిషి ఎదురుగా ఉంటే ఎవరో తెలియలేదు ఆయనకు.

"దానికైనా ఏడుపు రావాల గదరా," అన్నాడు నాతో. "రాలా."

అప్పుడే కరెంటు పోయింది. గుర్రుమంటున్న గాజు పెట్టె ఆగిపోయింది.

"ధరణీ... నీ ఫోను లైటు ఆ పక్క నుంచి పట్టమ్మా. ఈ పక్కనైతే గాజు మెరుస్తాది."

చీకట్లో ఆమె అటు నడిచిన చప్పుడు. లైటు వెలిగింది. లైటు వెనక ఏమీ కనిపించడం లేదు. మామ గాజు మీదికి వంగాడు. మూసిన రెప్పలు. ఊపిరి బిగబట్టి బటన్ నొక్కాడు—

నవ్వు.

కోకిల నవ్వు. ఆ గదిలో, ఆ చీకట్లో, గోడలన్నీ కలిసి నవ్వినట్టు... ఆగకుండా...

"ఎత్తన్నా," అంది ధరణి. గొంతులో ఏ మార్పూ లేదు. "నీ ఫోనే."

మామ జేబులోంచి ఫోను తీశాడు. గ్రూపులోని కన్నన్, కవరైపేట్టై నుంచి.

"అన్నా, తెల్లకండ్ల ఫోటోనే పెట్టు. అందురూ అదే అంటుండారు. మనకు ఆమె అట్లానే గదా..."

మామ ఫోను కట్ చేశాడు. అక్కడ ఇంకొక్క నిమిషం నిలబడలేకపోయాడు. భయంతో కాదట. తల్లి నవ్వు ఆ బిడ్డకు అలా వినిపించినందుకు. "వస్తా తల్లీ," అని గొణిగి బయటపడ్డాడు.

షాపుకు వచ్చాక గుర్తొచ్చింది, ధరణి కళ్ళకు ఫోటో తీసుకోలేదని. మళ్ళీ పోవాలా అనుకుంటూనే కోకిల ఫోటో సిస్టంలో తెరిచాడు.

కళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

నల్లటి గుడ్లు. కింది రెప్పల్లో కొంచెం వాపు. కోపం లేదు, నవ్వు లేదు. ఎవరైనా వస్తారేమోనని వాకిలి వైపు చూసే ఆడవాళ్ళ చూపు ఎలా ఉంటుందో అలా ఉంది.

భయం కోసం జీవితమంతా టికెట్లు కొన్న మనిషి మా మామ. ఆ రాత్రి ఎంత వెతుక్కున్నా భయం దొరకలేదట. కుర్చీలో కూర్చుని ఆ కళ్ళనే చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి తట్టింది... గాజు! లైటు పట్టుకుని ధరణి అవతలి నుంచి వంగి ఉంటుంది. ఆమె కళ్ళు గాజు మీద పడి, సరిగ్గా తల్లి రెప్పల మీద కూర్చున్నాయి. తల్లీకూతుళ్ళు కాబట్టి అతికినట్టు సరిపోయాయి.

అంతే కదా. పని తగ్గింది అనుకున్నాడు. వెనక లేత నీలం పెట్టి, కింద పేరు రాసి, తెల్లారేలోపు ఫ్లెక్సు తీశాడు.

పొద్దున్నే దాన్ని సందు మొదట్లో కరెంటు స్తంభానికి కట్టారు. అభిమానులు రెండు వ్యాన్లలో దిగారు. కన్నన్ ఆ ఫ్లెక్సు కిందే నిలబడి, "కోకిలక్క ఇల్లు యాడ?" అని దారిన పోయేవాళ్ళను అడిగాడు. పళవేర్కాడు నుంచి వచ్చిన ఒకాయన కింద పేరు చదవకుండానే ఫ్లెక్సులో మొహం చూసి, "ఈ పక్కన ఇంకో సావు కూడా అయినట్టుండాది," అన్నాడు.

అప్పుడు అలిమేలమ్మ తలుపు తీసుకుని, పాల ప్యాకెట్టు కోసం సందు మొదటికి వచ్చింది. ఫ్లెక్సు ముందు ఆగిపోయింది.

"ఈమేనా... కోకిల?" ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "ఈమెను దినమూ కొళాయి కాడ చూస్తా ఉంటిని గదయ్యా. నా బిందె కూడా ఎత్తిపెట్టేది. ఆ ఇంట్లో పనిచేసే మనిషి అనుకొనుంటినే..."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కోకిల ఇంటి వైపు గబగబా నడిచింది. ఆ వాకిట్లో మొదటి చెప్పుల జత ఆమెదే. లోపలి నుంచి ఆమె ఏడుపు వినిపించగానే ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. కాసేపటికి వాకిట్లో చెప్పులు పెట్టడానికి చోటు లేదు.

ధరణి సందు మొదటి దాకా వచ్చి ఫ్లెక్సు కేసి చూస్తూ నిలబడింది. మామ పక్కకు పోయి మెల్లగా చెప్పాడు.

"నేనేమీ చేయలేదు తల్లీ. అవి నీ కండ్లే. లైటు పట్టుకొని వంగుంటివి గదా, గాజు మీద పడినాయి."

"నేను వంగలేదన్నా."

"మరి లైటు..."

"కిటికీలో పెట్టేసినా. గోడ పక్కకు తిరుక్కొని నిలబడుంటిని. అమ్మను అట్లా చూడలేకపోయినా..." ధరణి గొంతు అప్పుడు మొదటిసారి పగిలింది. "నేను బడి నుంచి వచ్చేటప్పుడు అమ్మ ఇట్లానే చూస్తా ఉండేది. ఈ కండ్లు యాడ దొరికినాయన్నా నీకు?"

మామ తల ఎత్తి చూశాడు. ఫ్లెక్సులోని కళ్ళు ఆయన వైపు గానీ, ధరణి వైపు గానీ చూడటం లేదు... సందులోకి, ఇంటికి వస్తున్న జనం వైపు చూస్తున్నాయి.