ఐదు కిటికీల బోర్డు

"ఇంకాస్త ఎడమకి," అంది డాక్టర్ మృణాళిని, మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే. సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న పైడితల్లి ఆ సలహా వినిపించుకోలేదు. పదకొండేళ్ళుగా ఈ ల్యాబ్‌లో ఎవరి సలహా లేకుండానే అతుకుతోంది.

అది 2058, విశాఖపట్నం. ఆమె వేళ్ళ మధ్య ఉన్నది కందిబద్దంత సర్క్యూట్ బోర్డు. మణికట్టులో అమర్చితే, నరం తెగి మొద్దుబారిన వేళ్ళకి స్పర్శ తిరిగొస్తుందని మృణాళిని నమ్మకం.

బోర్డు మీది రాగి దారులన్నిటినీ పచ్చటి పూత కప్పి ఉంచుతుంది. దాన్నే సోల్డర్ మాస్క్ అంటారు. పూత ఉన్నచోట టంకం అంటదు. అతకాల్సిన చోట రాగి బయటికి కనబడేలా డిజైన్‌లోనే కిటికీ వదలాలి. మృణాళిని వేలికొకటి చొప్పున ఐదు కిటికీలు వదిలింది. ల్యాబ్‌లో పెంచిన నరాల పోగులు వాటిలో అతకాలి. ఓవెన్‌లో పెడితే పోగులు చచ్చిపోతాయి, ట్వీజర్స్‌తో పడితే బోర్డు నలిగిపోతుంది. కాబట్టి వేళ్ళతోనే పట్టుకోవాలి. ఆ వేడికి బొబ్బలెక్కవు గానీ మామూలు చెయ్యి ఉలిక్కిపడుతుంది. పైడితల్లి ఎడమచెయ్యి ఉలిక్కిపడదు. ఎప్పుడో రేకు కోసుకుపోయినప్పటి నుంచి ఆ వేళ్ళు కదులుతాయి, అంతే. వాటికేమీ తెలియదు.

అందుకే మొదటి బోర్డు ఆమెకే పెట్టారు.

ఆపరేషనైన మూడో రోజు పైడితల్లి టీ గ్లాసు పట్టుకుని, చురుక్కుమనగానే వదిలేసింది. నవ్వింది, తర్వాత ఏడ్చింది. సాయంత్రం దాకా చీర అంచూ, కుర్చీ చెయ్యీ, తన బుగ్గా తడుముకుంటూ కూర్చుంది. అంత సంతోషం ఆ ల్యాబ్‌లో ఎవరూ చూసి ఎరగరు.

నెల తిరిగాక రెండో బోర్డు చేతిలోకి తీసుకుంది. వేడి తగిలింది, బోర్డు జారిపోయింది. పన్నెండు బోర్డులు అలాగే నేలపాలయ్యాయి. ఇంత చదువుకున్నావిడకి ఇంత చిన్న సంగతి ముందే తట్టలేదా అని మీకు అనిపించవచ్చు. మృణాళిని కూడా అదే మాట అని తనని తాను తిట్టుకుంది.

"మత్తు ఇంజెక్షన్ మళ్ళీ ప్రయత్నిద్దామా?"

"సూసేం గదా మేడమ్, వేళ్ళు పట్టు తప్పిపోతన్నాయి."

"అయితే కొన్నాళ్ళు ఆగుదాం. కావలసినప్పుడు స్పర్శ ఆపుకునే స్విచ్ పెట్టి కొత్త బోర్డు గీస్తాను."

"గీస్తారు సరే. దాన్ని అతికేదెవరు? ఈ పని సేతికి రావడానికి నాకే ఏళ్ళు పట్టింది."

బయట వరండాలో ఇదే బోర్డు కోసం అరవై మంది ఎదురుచూస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ ఒళ్ళో బిడ్డని పెట్టుకుని, తన చెయ్యి ఎక్కడ ఆనుతోందో కళ్ళతో చూసుకుంటోంది. పైడితల్లి ఆమెని గాజు తలుపులోంచి చాలాసేపు చూసింది.

"నా బోర్డు కిటికీలు మూసెయ్యండి మేడమ్."

"ఒకసారి పోగు తీసి పూత వేస్తే ఆ నరం మళ్ళీ అతకదు, తెలుసు కదా?"

"తెలుసు. బోర్డు పట్టుకోడానికి నాలుగు వేళ్ళు సాలు. సిటికెనేలిది మాత్రం ఉంచీయండి. మా మనవరాలు నడిసినప్పుడు దాన్నే పట్టుకుంటాది."