మూడో బిరడా

“కొరియర్ నాలుగింటికి హోటల్ వదిలి విమానమెక్కుతాడు. వాడి ఫ్లాస్కు స్టీలు బిరడాలో మైక్రోఫిల్మ్ ఉంది. అందులో మన ఏజెంట్లు పదకొండుమంది పేర్లు. అది దేశం దాటిందా, ఒక్కడూ బతకడు” అన్నాడు చీఫ్ ఫోన్‌లో. ఆయన ఏజెంటుకి వరసకు మేనమామ. “అచ్చం అలాంటిదే చేసి మార్చెయ్యాలి. లేత్ పిచ్చి ఉన్నవాడివి నువ్వొక్కడివేరా అల్లుడూ!”

ఆ పొద్దునే సర్వర్ వేషంలో హోటల్‌కి వెళ్ళి ఏజెంటు ఆ బిరడా థ్రెడ్, అంటే మరచుట్ల కొలతలు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఒంటిగంట. షెడ్డులో స్టీలు ముక్కలు మూడే ఉన్నాయి.

మొదటిది తనే తగలేశాడు. స్టీలుని గిరగిరా తిప్పి చెక్కే అతని లేత్ పాత అంగుళాల లెక్కది. దానిమీద మిల్లీమీటర్ల థ్రెడ్ కోసేటప్పుడు, కోసే టూల్‌ని నడిపించే హాఫ్ నట్ లివర్ ఎత్తకూడదు. ఎత్తితే టూల్ మళ్ళీ అదే గాడిలో పడదు. ప్రతి కోతకీ మోటార్ రివర్స్ తిప్పి వెనక్కి రావాలి. పదేళ్ళుగా తెలిసిన సంగతే! అయినా అలవాటుకొద్దీ చెయ్యి లివర్ ఎత్తేసింది. ఛీ, వెధవ చెయ్యి!

“అబ్బో, ఎంత కోపమో!” నవ్వింది చిలక. కొరియర్ దగ్గర సెక్రటరీగా చేరిన మన మనిషి. హైహీల్స్, నల్ల కళ్ళద్దాలు, తెల్ల గ్లవ్స్. బిరడా మార్చాల్సింది ఆమే.

రెండో ముక్కమీద ఏడు కోతలు బ్రహ్మాండంగా పడ్డాయి. ఫోన్ మోగింది. మోటార్ ఆపి గుమ్మం దాకా వెళ్ళాడు.

“అయిందా?” చీఫ్.

“మీరిలా ప్రాణం తీస్తుంటే ఎలా అవుతుంది మామయ్యా!”

తిరిగొచ్చి ఎనిమిదో కోత పెట్టాడు. కర్ర్ర్! టూల్ గాడి తప్పి థ్రెడ్ మొత్తం చెక్కేసింది. ఏజెంటుకి ఏడుపొచ్చింది. ఈసారి లివర్ తను ముట్టుకోలేదు. చిలక గ్లవ్‌కి నూనె మరక ఉంది.

“నాకీ మెషీన్ల సంగతేం తెలుసు?” అందామె.

“తెలియనివాళ్ళు ఎర్ర స్విచ్ నొక్కుతారు. ఆ ఒక్క లివరే ఎత్తి దించాలంటే చేయితిరిగిన టర్నర్ అయ్యుండాలి. ఎవరు నేర్పారు, ఆ కొరియర్ మనుషులేనా?”

లిప్‌స్టిక్ పిస్టల్ హ్యాండ్‌బ్యాగ్ దాటేలోగా టూల్‌ని చల్లబరిచే కూలెంట్ పైపు ఆమె మొహానికి తిప్పాడు. బేడీలతో బల్లమీది ఇనప పట్టుకి, వైస్‌కి, బిగించాడు.

“ఒక్క ముక్కే మిగిలింది. నీవల్ల కాదు” అంది చిలక.

“నోర్ముయ్యి తల్లీ, కోతల లెక్క తప్పుతుంది!”

మూడూ యాభైకి సర్వర్ వేషంలో కొరియర్ ఫ్లాస్కు తీసుకెళ్ళి కాఫీ నింపాడు, కొత్త బిరడాతో తిరిగిచ్చాడు. కొరియర్ బిగించబోయాడు. సగంలో ఆగిపోయింది. కొరియర్ విసుగ్గా ఇంకాస్త నొక్కి తిప్పాడు. ఎక్కింది!

“బిగుసుకుపోయిందేమిటిది?”

“కాఫీ వేడికి సార్.”

పదకొండుమందీ బతికారు. ఆ థ్రెడ్ గరుకుగా వచ్చిందని మాత్రం ఏజెంటు వారంరోజులు సరిగా అన్నం తినలేదు.