పాల స్తంభం

రోము నగరంలో కూరగాయల ఫోరమ్ అనే సంతలో పగలు కాలు పెట్టే చోటుండదు. క్యాబేజీలు, ఉల్లిపాయలు, బేరాలు, తిట్లు, గుడిమెట్ల మీద పనీపాటా లేనివాళ్ల రాజకీయాలు... పొద్దు గూకిందంటే మాత్రం అటు పిల్లి కూడా పోదు. తెల్లవారుజామున కూరలబళ్లు తోలుకొచ్చే మొరటు మనుషులు సైతం అక్కడున్న ఒక స్తంభం పక్కనుంచి రారు. చుట్టు తిరిగి వస్తారు.

దాన్ని పాల స్తంభం అంటారు. వద్దనుకున్న పసికందుల్ని దాని మొదట్లో వదిలేసి పోతారు. పగలైతే అక్కడ కూర్చునే దాదుల్లో ఎవరో ఒకరు జాలిపడి పాలిస్తారు. రాత్రి వదిలితే... రాత్రి కూడా ఎవరో పాలిస్తారట. ఎవరన్నది మాత్రం చూసి చెప్పినవాళ్లు లేరు, ఒక్క చాకలి ఓప్పియస్ తప్ప.

అతను చూసిన రోజు సాయంత్రం ఓప్పియస్ భార్య సాల్వియా మూడోసారీ ఆడపిల్లనే కంది. మంత్రసాని ప్రిమిల్లా ఆచారం ప్రకారం బిడ్డను నేల మీద పడుకోబెట్టి పక్కకు తప్పుకుంది. తండ్రి వంగి ఎత్తుకుంటే బిడ్డ ఆ ఇంటిది. ఎత్తుకోకపోతే ఆ స్తంభమే గతి.

ఓప్పియస్ వంగలేదు.

"ఎత్తుకో మావా..." అంది సాల్వియా మంచం మీంచి. గొంతులో ఓపిక లేదు.

"ఇద్దరున్నారు. చాలు."

ప్రిమిల్లాకు ఒళ్లు మండిపోయింది. "ఊరందరి బట్టల మురికీ వదిలిస్తావు గానీ, నీ బుర్రకి పట్టింది వదలదేంరా? నీ పెళ్లానికి ఒంట్లో ఏం బాగాలేదు. కనీసం తెల్లారనీ!"

"బుట్టలో వెయ్యి ముసలీ. ఎక్కువ మాట్లాడకు."

చేత్తో తాకితే ఎత్తుకున్నట్టవుతుందని బుట్ట అడిగాడు. చెడ్డవాడా అంటే కాదు, ఉత్త మొండివాడు. కానీ మొండివాడి చేతిలో పడ్డ ఆడదానికి చెడ్డవాడు ఎంతో నయం.

చీకట్లో బుట్ట పట్టుకుని బయల్దేరాడు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి మళ్లీ అదే మాట — "ఎత్తుకో..." తిరిగి చూడలేదు.

ఫోరమ్ నిర్మానుష్యంగా ఉంది. బుట్ట స్తంభం మొదట్లో దించి గబగబా వెనక్కి నడిచాడు. బిడ్డ ఏడుపు వెంటబడింది. గుడి దాకా వచ్చింది... సందు మొగ దాకా వచ్చింది...

ఠక్కున ఆగిపోయింది.

కుక్కలేమైనా...? తిరిగి చూశాడు.

స్తంభానికి ఆనుకుని ఎవరో కూర్చుని ఉన్నారు. తల నిండా ముసుగు. ఒళ్లో బిడ్డ. సన్నగా ఏదో కూనిరాగం — సాల్వియా పెద్దపిల్లలిద్దర్నీ నిద్రపుచ్చిన రాగం.

పరుగెత్తాడు. "పిచ్చిదానా! పచ్చి బాలింతవి... ఈ చలిలో ఎలా వచ్చావే?"

రాగం ఆగలేదు. ఆమె అలా కూర్చుని పాలిస్తుంటే అతని మొండితనమంతా నీరైపోయింది. సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

"పద, ఇంటికి పోదాం. దీన్ని కూడా తీసుకుపోదాం."

ఆమె బిడ్డను మెల్లగా నేల మీద పడుకోబెట్టింది.

"ఎత్తుకో మావా..."

ఓప్పియస్ వంగాడు. రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"నువ్వు నడు... నేను వెనకే వస్తా," అంది ఆమె.

దారంతా వాగుతూనే నడిచాడు. "దీనికి మీ అమ్మ పేరు పెడదామా?... అడుగుల చప్పుడే లేదేం, చెప్పుల్లేకుండా వచ్చావా ఏంటి?... ఏమే, పలకవేం? కోపమా?"

సందు మలుపు తిరిగేసరికి ఇంట్లోంచి ఇరుగుపొరుగు ఆడవాళ్ల కేకలు. "సాల్వియా! సాల్వియా!"

మంచం ఖాళీగా చూసి కంగారు పడుతున్నారనుకుని నవ్వొచ్చింది ఓప్పియస్‌కి. "అరవకండే! ఎక్కడికీ పోలేదు, నా వెనకే వస్తోంది!"

కేకలు ఆగిపోయాయి.

ప్రిమిల్లా దీపం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. అతని భుజం మీదుగా చూసింది. తర్వాత అతని మొహంలోకి చూసింది.

"ఎవర్రా నీ వెనక?"

తిరిగాడు. సందు ఖాళీ.

"మరి... మీరు పిలుస్తున్నది..."

"పోయినవాళ్లని పేరు పెట్టి పిలవమా నాయనా? పలుకుతారేమోనన్న ఆశ." ఆమె దీపం దించింది. "నువ్వు బుట్ట పట్టుకుని సందు దాటావో లేదో, ప్రాణం వదిలేసింది. అప్పట్నుంచీ పిలుస్తూనే ఉన్నాం."

లోపల సాల్వియాను ఆచారం ప్రకారం నేల మీద పడుకోబెట్టారు. సాయంత్రం బిడ్డను పడుకోబెట్టిన చోటే.

"ఎత్తుకున్నానే..." అన్నాడు ఓప్పియస్, మోకాళ్ల మీద కూలబడి. "సాల్వియా... ఎత్తుకున్నానే!"

ఆమె పలకలేదు. అతని చేతుల్లో బిడ్డ కడుపు నిండి తేన్చింది. పెదవి చివర్నుంచి ఒక పాలచుక్క జారి అతని మణికట్టు మీద పడింది... ఇంకా వెచ్చగానే ఉంది.