ఫ్లాపీకి బొట్టు

"ఇగో, మళ్ల అదే మాట అంటుంది," అన్నాడు కైలాసం, తెర మీది పచ్చటి అక్షరాలను వేలితో చూపిస్తూ.

దశరథం స్విచ్ ఆర్పి మళ్లీ వేశాడు. ఫ్యాను బుర్రుమంది. కంప్యూటర్ డబ్బాలోంచి కర్ర్, కర్ర్ అని చప్పుడు వచ్చింది. తర్వాత తెర మీద ఇంగ్లిషులో అదే వరుస. ఈ ఫ్లాపీ పనికిరాదు, వేరేది పెట్టండి.

అది మూడోసారి.

తలుపు దగ్గర నిలబడ్డ స్వరూప లంగా అంచును పిడికిట్లో దాచుకుంది. స్వరూప దశరథం బిడ్డ. ఆరో తరగతి. దసరా సెలవులు కాబట్టి పొద్దుటి నుంచి బాపు దగ్గరే ఉంది.

శ్రీరాంపూర్ బస్టాండు ఎదురుగా దశరథం టైపు సెంటర్. అందులో ఆరు టైపు మిషన్లు, ఒక కంప్యూటర్. ఆ ఆరు మిషన్లూ పాడైపోయిన పదకొండు మిషన్ల నుంచి పుట్టినవే. ఒకదాని స్ప్రింగు, ఇంకోదాని రోలరు కలిపి దశరథం వాటికి మళ్లీ ప్రాణం పోశాడు. దేన్నయినా పారేసే ముందు అతను రెండు ప్రశ్నలు వేసుకుంటాడు. ఇది ఇంకా ఏ పనికొస్తుంది? ఇది లేకపోతే ఏ పని ఆగుతుంది?

కంప్యూటర్ కూడా పాతదే. కరీంనగర్‌లో ఒక ఆఫీసు వాళ్లు కొత్తవి తెచ్చుకొని వదిలేస్తే దశరథం తెచ్చాడు. దాని పొట్టలో ఏమీ దాచుకునే చోటు లేదు. దాన్ని నిద్ర లేపే మాటలన్నీ ఒక ఫ్లాపీ మీదే ఉంటాయి. అరచేయంత నల్లటి పల్చటి ఫ్లాపీ. దానికి ఒక వైపు పొడుగాటి కిటికీ, ఆ కిటికీలో గోధుమరంగు రేకు కనబడుతుంది. పొద్దున్నే ఆ ఫ్లాపీ పెడితేనే కంప్యూటర్ లేస్తుంది. మంచిర్యాలలో రంగుల తెర కంప్యూటర్లు వచ్చాయి. అయినా ఈ ముసలిది రోజూ ఎనిమిది మందికి పని నేర్పుతూనే ఉంది.

"గీ కిటికీల మాత్రం వేలు పెట్టద్దు బిడ్డా," అని బాపు స్వరూపకు చాలాసార్లు చెప్పాడు.

నిన్న దసరా. బాపు జమ్మి ఆకు కోసం పోయినప్పుడు అతని తల్లి, బాపమ్మ, స్వరూప చేతికి పసుపు కుంకుమ గిన్నెలిచ్చింది. "పని జేసే దానికల్ల బొట్టు పెట్టు. ఒక్కటి ఇడువకు," అంది.

స్వరూప ఒక్కటీ విడువలేదు. టైపు మిషన్లకు పెట్టింది. కుర్చీలకు, ఫ్యాను స్విచ్చుకు, కంప్యూటర్ తెరకు పెట్టింది. చివరికి ఫ్లాపీ కనబడింది. అన్నిటికంటే ఎక్కువ పని దానిదే కదా! నల్లటి అట్ట మీద పెడితే బొట్టు సరిగా అంటలేదు. గోధుమరంగు కిటికీలో పెడితే తడి పసుపు ఎంత చక్కగా అతుక్కుందో!

ఈ పొద్దున ఆ బొట్టును చూడగానే బాపు మాట గుర్తొచ్చింది. గబగబా లంగా అంచుతో తుడిచింది. కొంచెం మరక మిగిలితే ఉమ్మి తడి చేసి రుద్దింది. ఫ్లాపీని కవర్లో పెట్టేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

"నకలు ఫ్లాపీ ఉన్నది గదా, అది పెట్టి చూడు," అన్నాడు కైలాసం.

దశరథం అల్మారాలోంచి నకలు తీసి పెట్టాడు. కర్ర్, కర్ర్. మళ్లీ అదే వరుస.

"రెండు ఫ్లాపీలు ఒక్కసారే ఖరాబు గావు," అన్నాడు దశరథం నెమ్మదిగా. "దుమ్ము అనుకుందామంటె మొన్ననే ఇప్పి, ఫ్లాపీని చదివే హెడ్ తుడిచిన. తుడిచినంక మంచిగనే నడిచింది. అంటే మిషనే అరిగిపోయింది."

లెక్క సరిగ్గానే ఉంది. అందులో ఒక్క సంగతే తక్కువైంది. అది స్వరూప దగ్గర ఉంది.

చెప్పాలని నోరు తెరిచింది. కానీ కైలాసం ముఖం చూసి మూసుకుంది.

కైలాసం బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తా. యాభైకి దగ్గరపడ్డాడు. ఆఫీసులోకి కంప్యూటర్లు రావడంతో అతనికీ పరీక్ష పెట్టారు. పరీక్షకు మూడు రోజులే ఉంది. రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నెలరోజులుగా నేర్చుకుంటున్నాడు.

"పాసైతె కుర్చీ, లేకుంటె గేటుకాడ స్టూలు," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

దశరథం ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి కరీంనగర్‌లో మెకానిక్‌కు ఫోన్ చేసి వచ్చాడు.

"గా మాడల్‌కు సామాన్లు ఇప్పుడు ఎవ్వల దగ్గర దొరకయట. టైపు మిషన్‌ది ఇంకో టైపు మిషన్‌కు పడుతది. దీనికి జోడీ లేదు." డబ్బా మీద గుడ్డ కప్పాడు. "అంజన్న బండి మీద పాత టైపు మిషన్ ఒకటి చూసిన. దీన్ని ఇచ్చి దాన్ని తీసుకుంట."

మధ్యాహ్నం పాత సామాన్ల అంజన్న తోపుడు బండితో వచ్చాడు. కంప్యూటర్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అన్నా, గిది ఇనుమా, ప్లాస్టికా? టీవీ అయినా కాకపాయె, ఇంటికి తీస్కపోతె నా పెండ్లాం సినిమా అన్న చూస్తుండె!"

"లేపు లేపు, ముచ్చట్లు తర్వాత," అన్నాడు దశరథం.

డబ్బా ఎత్తడానికి కైలాసం కూడా చేయి వేశాడు. వైర్లు విప్పుతూ కీబోర్డును ఒకసారి నిమిరాడు. "నెల రోజులు నా మొద్దు వేళ్లకు ఓర్సుకున్నవు తల్లీ," అన్నాడు.

"బాపూ, బండి మీద పెట్టకు!"

అందరూ తిరిగి చూశారు. స్వరూప ఏడుస్తోంది.

"కంప్యూటర్ అరిగిపోలే. నేనే... కిటికీల బొట్టు పెట్టిన. పొద్దుగాల తుడిచిన. నీకు చెప్పలే."

మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చిన బాపమ్మ గడప మీదే కూర్చుని ఉంది. మొదట బాపమ్మే నోరు విప్పింది.

"బొట్టు నొసటికి పెడ్తరు గని కంట్ల పెడ్తరా పొల్లా?"

అంజన్న పడీపడీ నవ్వాడు. దశరథం నవ్వలేదు, తిట్టనూ లేదు. డబ్బాను మళ్లీ బల్ల మీద పెట్టించి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"టేపురికార్డర్‌కు ఉంటది సూడు, పాటను చదివే హెడ్, గసొంటిదే దీంట్ల ఉంటది. ఫ్లాపీ మీది పసుపు హెడ్‌కు అంటింది. హెడ్ మీదిది నకలుకు అంటింది." స్వరూప వైపు చూశాడు. "గీ ఒక్క మాట పొద్దుగాల నా చెవుల పడితే అంజన్న బండిదాక పోయేదా బిడ్డా?"

స్వరూప తల అడ్డంగా ఊపింది.

పక్కనున్న మందుల దుకాణంలో స్పిరిటు, దూది తెచ్చింది స్వరూపే. దశరథం హెడ్‌ను తుడిస్తే దూది ముదురు పసుపుగా వచ్చింది. రెండోసారి లేత పసుపు. మూడోసారి తెల్లగా వచ్చింది. అసలు ఫ్లాపీ రేకు, స్వరూప రుద్దిన చోట గీరుకుపోయింది. నకలు ఫ్లాపీ కిటికీలోంచి చూస్తే రేకు మీద సన్నటి పసుపు గీత మాత్రమే ఉంది.

దశరథం బ్లేడుతో నకలు ఫ్లాపీ అట్ట ఒక అంచు కోశాడు. లోపలి నుంచి గుండ్రటి రేకు జారింది. అప్పడమంత పల్చన.

"కడుగు," అని స్వరూప చేతిలో పెట్టాడు.

"నేనా?"

"నువ్వే. అంచులు పట్టుకో. గీరకు, రుద్దకు. నీళ్లు పోసుకుంట పో."

స్వరూప ఊపిరి బిగబట్టి కడిగింది. గీత పోయేదాకా చెంబుతో సన్నగా నీళ్లు పోసింది. మెత్తటి ధోతి గుడ్డ మీద పెట్టి నీడలో ఆరబెట్టింది. గంటసేపు ఈగ వాలకుండా విసనకర్రతో పక్కనే కూర్చుంది. అంజన్న కూడా బేరం మరచి, బండి నీడలో నిలబెట్టి చూస్తూ ఉండిపోయాడు.

ఆరిన రేకును దశరథం వేరే పాత ఫ్లాపీ అట్టలో దూర్చి డబ్బాలో పెట్టాడు. స్విచ్ వేశాడు.

కర్ర్. కర్ర్. ఆగింది.

కైలాసం కళ్లు మూసుకున్నాడు.

టిక్కుమంది. తెర మీద పచ్చటి చుక్క మిణుకుమిణుకుమని కొట్టుకుంది.

"లేచిందిరో!" అని అందరికంటే ముందు అరిచింది అంజన్నే. తర్వాత తల గోక్కున్నాడు. "అరె, నా మాల్ పాయె గదనే!"

దశరథం ముందుగా ఇంకో రెండు నకళ్లు తీసి, ఆ తర్వాతే కైలాసానికి కుర్చీ ఇచ్చాడు.

సాయంత్రం దశరథం వెనక గదిలో ఒక టైపు మిషన్ విప్పుకొని కూర్చున్నాడు. కైలాసం పరీక్ష కోసం ఒక ఉత్తరం కొడుతున్నాడు. పందొమ్మిది వరుసలయ్యాయి, ఒక్క తప్పూ లేదు. అతని ముఖం వెలిగిపోతోంది.

స్వరూప చాయ్ తెచ్చి బల్ల మీద పెడుతుంటే కప్పు తొణికింది. నాలుగు చుక్కలు కీబోర్డు మీటల సందుల్లోకి జారాయి. పైన తడి కూడా కనబడలేదు. కైలాసం తల వంచి ఏదో అక్షరం వెతుక్కుంటున్నాడు. ఎవరూ చూడలేదు.

స్వరూప ఒక్క క్షణం కప్పు వంక, మీటల వంక చూసింది.

"బాపూ! జల్ది రా! కీబోర్డుల చాయ్ పడ్డది. నేనే పోసిన."

దశరథం పరుగున వచ్చి స్విచ్ ఆర్పాడు. తెర నల్లబడింది. పందొమ్మిది వరుసలూ పోయాయి.

"అయ్యో, ఫ్లాపీల దాసుకోలేదు గదా!" అని నెత్తి పట్టుకున్నాడు కైలాసం.

దశరథం కీబోర్డును బోర్లా తిప్పి దులిపాడు. మూడు చుక్కలు రాలాయి. దూదితో మీటల సందులు తుడిచి, వాసన చూసి తలూపాడు. "లోపలికి దిగలే. ఆరితె నడుస్తది."

అరగంట తర్వాత తెర మళ్లీ వెలిగింది. కైలాసం నీరసంగా మొదటి మీట కోసం వెతకసాగాడు.

స్వరూప స్టూలు లాక్కొని పక్కన కూర్చుంది. ఉత్తరం కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు కాగితం దిక్కు సూడకు మామా. నేను ఒక్కొక్క అక్షరం చదువుత. అయిదు వరుసలకొకసారి దాసుకుందాం."

"నీకు ఇంగ్లిషు వస్తదా?"

"అక్షరాలొస్తయ్. మొదటిది పెద్ద టీ, కొట్టు. ఇంక చిన్న ఓ."