పుట్టింది ఇక్కడే

ఆ శనివారం పొద్దున షెర్నెట్ మొక్కజొన్న గంజి కలుపుతుండగా తలుపు సందులోంచి రెండు కవర్లు పడ్డాయి. ఒకదాంట్లో పదమూడేళ్ల జెవాన్ పాస్‌పోర్ట్ ఉంది. రెండోదాంట్లో వాడి అక్క నాటోయాకి పాస్‌పోర్ట్ ఇవ్వడం కుదరదన్న జవాబు.

"ఇదేంటమ్మా! వీడూ నేనూ ఇదే బర్మింగ్‌హామ్‌లో, ఒకే ఆస్పత్రిలో పుట్టాం కదా. వీడు బ్రిటిష్‌వాడు, నేను కాదా?" అంది నాటోయా.

"నిన్ను మార్కెట్లో కొనుక్కొచ్చారని నాకెప్పట్నుంచో అనుమానం," అని నవ్వాడు జెవాన్.

"నోర్మూసుకుని తిను!" షెర్నెట్ అరిచిన అరుపుకి పిల్లలిద్దరూ ఉలిక్కిపడ్డారు. బస్సు డ్యూటీకి బయల్దేరుతున్న వాళ్ల నాన్న డెన్విల్ మాత్రం తలెత్తకుండా బూట్లు కట్టుకుని వెళ్లిపోయాడు.

జమైకాలో, క్లారెండన్ కొండల్లో ఉండే అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదు. "నా మనవరాలి ముఖం చూసి పోతానో లేదో," అని ప్రతి ఆదివారం ఫోన్లో అంటుంది. పదిహేడేళ్లొచ్చినా నాటోయా ఆ ముసలమ్మని కళ్లారా చూసింది లేదు. ఈస్టర్ సెలవుల్లో అందరూ కలిసి వెళ్దామనే పాస్‌పోర్టులకి పెట్టారు.

చర్చిలో ఇలాంటి వ్యవహారాలు కాస్త తెలిసిన సిస్టర్ మెర్లీన్ విషయం విడమరిచి చెప్పింది. "ఈ దేశంలో పుట్టినంత మాత్రాన సరిపోదే పిల్లా. నువ్వు పుట్టేనాటికి మీ అమ్మ వీసా అయిపోయింది. మీ నాన్న ఇక్కడే పుట్టిన బ్రిటిష్‌వాడే, కానీ అప్పటికి మీ అమ్మని పెళ్లాడలేదు. రెండువేల ఆరు జూలైకి ముందు పుట్టినవాళ్లకి, పెళ్లికాని తండ్రి పౌరసత్వం పుట్టుకతో వచ్చేది కాదు. మీ తమ్ముడు పెళ్లయ్యాక పుట్టాడు, వాడికి ఏ చిక్కూ లేదు. మీ అమ్మకీ పెళ్లితోనే కాగితాలొచ్చాయి."

"మరిప్పుడెలా?"

"ఇప్పుడైనా అడగొచ్చు. నీ జననపత్రంలో తండ్రి పేరు లేదు కదా, రక్తపరీక్షో, ఉమ్మి పరీక్షో చేయించి రుజువు చూపిస్తే సరి."

నాటోయా ప్రాణం లేచొచ్చింది. ఆ రోజే పరీక్షకి సమయం తీసుకుంది. తీరా పరీక్ష రోజున డెన్విల్ షిఫ్ట్ మారిందన్నాడు. మరో రోజు పెట్టుకుంటే పన్ను నొప్పన్నాడు. ఈలోగా అమ్మమ్మ మంచం దిగడం మానేసింది.

ఓ సాయంత్రం వానలో తడిసొచ్చిన డెన్విల్ ఇంకా కోటైనా విప్పకముందే నాటోయా ఎదురొచ్చి నిలబడింది.

"రేపు వస్తున్నావా, లేదా?"

"రేపు కుదరదు తల్లీ. చూద్దాం..."

"ఎప్పుడు చూస్తావు? అమ్మమ్మని పాతిపెట్టాకా? అప్పుడేమో అమ్మని పెళ్లాడటానికి బద్ధకించావు, ఇప్పుడు కాస్త ఉమ్మి ఇవ్వడానికీ బద్ధకమేనా? నీ పిల్లలంటే జెవాన్ ఒక్కడేనేమో, నేను అక్కర్లేదేమో!"

డెన్విల్ కోటు మీంచి నీళ్లు చాప మీద పడుతున్నాయి.

"ఆయన్నేమీ అనకే!" వంటింట్లోంచి పరుగున వచ్చింది షెర్నెట్.

"షెర్నెట్, వద్దు," అన్నాడు డెన్విల్.

"ఇంకెన్నాళ్లు నువ్వు మాటలు పడతావు?" కూతురి చెయ్యి పట్టుకుందామె. "ఆయన పరీక్ష చేయించుకుంటే నువ్వు ఆయన బిడ్డవి కాదని తేలుతుందమ్మా. నువ్వు కడుపులో పడ్డావని తెలియగానే ఆ మనిషి ఏ ఊరు పోయాడో నాకు తెలియదు. ఐదో నెలలో నేను బస్సులో కళ్లు తిరిగి పడిపోయాను. బస్సు నడిపేది ఈయనే. ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఆనాటినుంచీ మనల్ని వదల్లేదు."

నాటోయా చెయ్యి విడిపించుకుంది. "ఇన్నేళ్లూ ఇద్దరూ కలిసి నన్ను..." అంటూ మాట పూర్తి చెయ్యకుండానే మేడెక్కి తలుపేసుకుంది.

ఆ తర్వాత అందరూ ఒకే బల్ల దగ్గర తిన్నా, డెన్విల్‌తో ఆమె ఒక్కమాటా మాట్లాడలేదు. చారు గిన్నె కావాల్సొస్తే తమ్ముణ్ణి అందివ్వమనేది. జెవాన్‌కి కూడా హాస్యాలు తగ్గిపోయాయి.

డెన్విల్ సెలవు పెట్టి లాయరు దగ్గరికి వెళ్లాడు. తిరిగొచ్చి మూసిన తలుపు ముందు నిలబడి చెప్పాడు. "ఇంకో దారి ఉందట. ఇక్కడే పుట్టి, మొదటి పదేళ్లూ ఇక్కడే పెరిగినవాళ్లకి హక్కుందట. నువ్వు ఏ దేశమూ వెళ్లలేదు కదా. కాకపోతే కొన్ని నెలలు పడుతుంది." తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "తండ్రి ఎవరన్నది అక్కర్లేదట."

లోపల్నుంచి "సరే" అని మాత్రం వినిపించింది.

దరఖాస్తు వెళ్లింది. అది తేలేలోగా అమ్మమ్మ పోయింది.

ముగ్గురికీ టికెట్లు తీశారు. నాటోయాని సిస్టర్ మెర్లీన్ ఇంట్లో ఉంచుదామనుకున్నారు. బయల్దేరే రోజు టాక్సీ వచ్చింది. డెన్విల్ భార్య పెట్టె, కొడుకు పెట్టె ఎక్కించి, తన పెట్టె గుమ్మంలోనే వదిలేశాడు.

"నువ్వెక్కవేం?" అంది షెర్నెట్.

"నేను రాను. మీ అమ్మకి నేను అల్లుణ్ణి, ఆవిడ క్షమిస్తుంది. ఈ పిల్లకి నేను..." ఏమవుతాడో చెప్పలేకపోయాడు. "ఇలాంటప్పుడు దీన్ని పరాయింట్లో ఎలా వదిలిపెడతాను?"

షెర్నెట్ ఏడుస్తూ టాక్సీ ఎక్కింది.

సమాధి చేసిన రోజు ఇంట్లో నాటోయా, డెన్విల్ వీడియో కాల్ పెట్టుకుని, ఫోన్ని బల్లమీద నిలబెట్టుకుని కూర్చున్నారు. క్లారెండన్‌లో ఎండ మండిపోతోంది. జనం పాడుతున్నారు. శవపేటికని గోతిలోకి దించుతుండగా బొమ్మ ఆగిపోయింది, పాట కూడా ముక్కలైంది. ఎంతసేపు చూసినా మళ్లీ రాలేదు.

"నన్ను చూడకుండానే వెళ్లిపోయింది," అంటూ నాటోయా బల్లమీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

డెన్విల్ చెయ్యి ఆమె భుజందాకా వచ్చి గాల్లోనే ఆగింది. వెయ్యొచ్చో లేదో అతనికి తెలియలేదు.

నాటోయా తలెత్తి ఆ చెయ్యి చూసింది. అతని ముఖమంతా తడిసి ఉంది.

"ఎవరినడగాలని ఆగావు?" అంది ఏడుపు మధ్యలోనే. "వెయ్యి నాన్నా."