మళ్ళీ చూడాలి

"సోమవారం విత్తనం నాటితే మంగళవారం కాయలు కోస్తారా?"

ఏడో తరగతి సైన్స్ ప్లాను బల్ల మీద పెట్టి అడిగింది కోఆర్డినేటర్. ఎదుటి కుర్చీలో సైన్స్ సారు తల గోక్కున్నాడు.

"మంచి ఎరువు వేస్తే..."

"మీరు ఏ ఎరువు వేసినా నేను సంతకం పెట్టను."

ఆమె పక్కన ఖాళీలో ఎప్పటిలాగే 'మళ్ళీ చూడాలి' అని రాసిచ్చింది. రెండు వారాల్లో ఇది నాలుగోసారి.

"అయితే మళ్ళీ వస్తాను మేడమ్," అంటూ అతను లేచాడు. అక్షింతలు పడ్డ మనిషి మొహం అంతలా వెలగడం ఆమెకు వింతగా తోచింది.

ఏ క్లాసులో ఏ పాఠం ఎప్పుడు రావాలో, ఒక సబ్జెక్టు ఇంకో సబ్జెక్టుకి ఎక్కడ అడ్డం పడుతుందో చూడటం ఆమె ఉద్యోగం. ఎనిమిదేళ్ళు సోషల్ పాఠాలు చెప్పి, అడగ్గా అడగ్గా వచ్చిన కుర్చీ అది. అదీ మూడు నెలల ట్రయల్ మీద. రేపు, శుక్రవారం సాయంత్రానికి ప్లాన్లన్నీ ప్రిన్సిపాల్ గారి బల్ల మీదుంటేనే పోస్టు ఖాయం. ముప్పై మూడు అయ్యాయి. ఇదొక్కటే పంటి కింద రాయి.

మధ్యాహ్నం వాన మొదలైంది. ఆమెకు ఉండబట్టక, అతనిచ్చిన నాలుగు ప్లాన్ల కాపీలూ పక్కపక్కన పరిచింది. మొదటి దాంట్లో ఉన్నది ఒకే ఒక్క తప్పు. రెండో దాంట్లో అది దిద్దాడు గానీ, 'వేడి' పాఠానికి నాలుగు పీరియడ్లు కాస్తా నలభై అయ్యాయి. మూడో దాంట్లో పాఠం కంటే పరీక్ష ముందొచ్చింది. నాలుగో దాంట్లో మంగళవారం కాయలు. దిద్దిన చోట మళ్ళీ తప్పు లేదు, బాగున్న చోటే కొత్తది పుడుతోంది. తప్పులు దొర్లడం వేరు, దొర్లించడం వేరు.

కబురు పెట్టింది. సారు సగం తడిసి వచ్చాడు.

"ఇవి కావాలనే రాశారా?"

అతను కిటికీ వైపు చూశాడు. "మొదటిది తప్ప."

"ఎందుకని?"

"మొదటిది నిజంగా పొరపాటే. దాని మీద మీరు 'మళ్ళీ చూడాలి' అని రాశారు. ఎవర్ని అన్నది రాయలేదు."

నవ్వు గొంతు దాకా వచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది, కోపమే ముందు బయటపడింది.

"ప్లానుని సారూ, ప్లానుని. రేపటికి ఇది అవ్వకపోతే నా పోస్టు పోతుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే."

అతని మొహం పాలిపోయింది. "నాకు తెలీదు మేడమ్, ఒట్టు. ప్రిన్సిపాల్ గారికి నేనే చెప్తాను."

"ఏమని? నన్ను చూడ్డానికి ప్లాను పాడుచేశానని చెప్తారా? ముందు కూర్చుని రాయండి."

అతను గంటసేపు తలెత్తకుండా రాశాడు. ఆమె చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది.

"సాంద్రత పాఠం మొదటి టర్మ్‌లో పెట్టారు. ఆ భాగహారాలన్నీ దశాంశాలే కదా. లెక్కల్లో దశాంశాలు రెండో టర్మ్‌లో గానీ రావు."

"ఇది కావాలని చేసింది కాదండీ."

"తెలుసు. నాలుగుసార్లూ నా కంటికీ ఆనలేదు. మీ కాయలు చూసి నవ్వుకుంటూ అసలుది వదిలేశాను."

సాంద్రతని వెనక్కి జరిపితే, దాని మీద ఆధారపడ్డ మూడు పాఠాలు కూలబడతాయి. దశాంశాలే ముందుకు రావాలి. అంటే లెక్కల మేడమ్ ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ళుగా ఆవిడ వరస మార్చినవాళ్ళు లేరు. పైగా ఆవిడ సైన్స్ సారుకి స్వయానా తల్లి.

శుక్రవారం పొద్దున స్టాఫ్ రూములో లెక్కల మేడమ్ కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ చూసింది.

"ఎందుకు మార్చాలి?"

కోఆర్డినేటర్ ఆవిడ ఎదుట కూర్చుంది. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"దశాంశాలు చెప్పాలంటే పిల్లలకి ముందు ఏం రావాలి మేడమ్?"

"భిన్నాలు."

"అవి మొదటి నెలలోనే అయిపోతున్నాయి. మరి అన్ని నెలలు ఎందుకు ఆగుతున్నారు?"

ఆవిడ తన ప్లాను రెండుసార్లు తిరగేసింది. "పాత పుస్తకంలో అలా ఉండేది. పుస్తకం మారింది, నేను మారలేదు." పెన్ను తీసి వరస మార్చి సంతకం పెట్టింది.

"చూడమ్మా, వీడు రెండు వారాలుగా భోజనం దగ్గర, 'ఇట్టే దొరికిపోయే తప్పొకటి చెప్పమ్మా' అని నా ప్రాణం తోడేస్తున్నాడు. ఆ నలభై పీరియడ్లు నేను చెప్పినవే."

"అమ్మా..."

"నువ్వుండరా, నీ నోట్లోంచి ఎలాగూ రాదు." ఆవిడ ఆమె వైపు తిరిగింది. "నన్ను ఎందుకని అడిగిన మనిషివి నువ్వే. అలాంటి పిల్ల మా ఇంట్లో ఉంటే నాకు సంతోషం. నీ ఇష్టం ఎలా ఉంటే అలాగే చెప్పు, తొందరేం లేదు."

సాయంత్రం ప్రిన్సిపాల్ గదిలోంచి ఆమె బయటికొచ్చేసరికి అతను వరండాలో నిలబడి ఉన్నాడు.

"ఏమైంది మేడమ్?"

"పోస్టు ఖాయమైంది."

అతను నిజంగా సంతోషించాడు. ఆ వెంటనే కొంచెం దిగులుపడ్డాడు. "ఇక మీ గదికి రావడానికి నాకు సాకు లేదన్నమాట."

"లేదు. ఇకమీదట మీ ప్లాన్లు నేను చూడను. ప్రిన్సిపాల్ గారే చూస్తారు. ఇప్పుడే అడిగి ఒప్పించుకుని వచ్చాను."

"అంత తప్పు చేశానా?"

"మీరు కాదు, నేను చేసేదాన్ని," అంది ఆమె. "ఇష్టపడిన మనిషి కాగితాల మీద సంతకం పెట్టకూడదు కదా."